పక్కన మొదలైన వరుస



ఈ ఏడాది ఉపన్యాసం పైలట్ల కొలువుల మీద చేస్తానంటే నిర్వాహకులు కాస్త మొహమాటపడ్డారు. కార్మిక చట్టం చెప్పిన మాస్టారి స్మారక సభలో నెలకు లక్షలు తెచ్చుకునేవాళ్ల గొడవ ఎందుకని ఒకరు నాతో అననే అన్నారు. మాస్టారు ఉండి ఉంటే ఆ మాటకు నవ్వి ఊరుకునేవారు కాదు. తన దగ్గరకు వచ్చింది బీడీ కార్మికురాలైనా బ్యాంకు మేనేజరైనా ఆయన మొదట అడిగేది ఒక్కటే: "నియామకపత్రం తెచ్చావా?" దాన్ని కళ్లద్దాలకు దగ్గరగా పెట్టుకుని లోపలి షరతులకన్నా ముందు పైన అచ్చయిన పేరు చదివేవారు. యజమాని ఎవరో తేలాకే మిగతా మాటలు.

నేను ఆయన దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీ కేసు వచ్చింది. ఊరి పేరూ, కంపెనీ పేరూ ఇక్కడ అనవసరం. గేటు ఒకటే, యంత్రాలూ అవే, భోజనాల గంట కూడా ఒకటే. పాతవాళ్ల కాగితాల మీద ఒక కంపెనీ పేరుంటే, కొత్తగా చేరినవాళ్ల కాగితాల మీద అలాంటిదే ఇంకో పేరు ఉంది. పాతవాళ్లలో ఒక్కరినీ తీసెయ్యలేదు. "మరి మీ బాధేంటయ్యా?" అని ఎదుటి వకీలు వెటకారం చేశాడు. పాతవాళ్లలో పెద్దాయన ఒకడు లేచి, "మా వెనక ఎవరూ చేరట్లేదండి" అన్నాడు. ఆ మాటకు కోర్టు హాలులో ఎవరి దగ్గరా వెంటనే జవాబు లేకపోయింది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది.

మనకు అద్దె బస్సు తెలుసు. రంగు ఆర్టీసీది, టికెట్టు ఆర్టీసీది, కండక్టరు ఆర్టీసీ మనిషి. స్టీరింగు ముందున్నవాడు మాత్రం బస్సు ఓనరు పెట్టుకున్న డ్రైవరు. ఎక్కేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు, తెలిసినా పట్టించుకోరు. బస్సు ఊరు చేరితే చాలు. పెద్ద విమాన సంస్థలు తమ పక్కన చవక టికెట్ల పిల్ల సంస్థను పెట్టినప్పుడు జరిగేది ఇంచుమించు ఇదే. ఒక తేడా ఉంది. బస్సు డ్రైవరు అనుభవాన్ని వెంటబెట్టుకుని ఇంకోచోటికి పోగలడు. పైలట్ పోలేడు.

ఎందుకో చెప్పాలంటే వరుస గురించి చెప్పాలి. పెద్ద విమాన సంస్థల్లో పైలట్ జీవితాన్ని నడిపేది అతని నైపుణ్యం కాదు, చేరిన తేదీ. దాన్నిబట్టి ఒక అంకె వస్తుంది. సీనియారిటీ లిస్టులో ఆ అంకె ఎక్కడుంటే అతనూ అక్కడే. ఏ విమానం నడపాలి, ఏ ఊళ్లకు వెళ్లాలి, సంక్రాంతికి ఇంట్లో ఉంటాడా లేదా, ఎప్పుడు కుడి సీటులోంచి ఎడమ సీటులోకి మారతాడు, అన్నీ ఆ అంకెను బట్టే. కొన్ని దూరప్రయాణాల సంస్థల్లో ముందు సెకండ్ ఆఫీసరు, తర్వాత ఫస్ట్ ఆఫీసరు, ఆపైన కెప్టెన్. మా మేనల్లుడు ఒకడు కో-పైలట్. వాడి నోట జీతం మాట అరుదుగా వస్తుంది, "కమాండ్ ఎప్పుడొస్తుందో మామయ్యా" అనే మాట మాత్రం ఫోను చేసినప్పుడల్లా వస్తుంది. కమాండ్ అంటే కెప్టెన్ హోదా, ఆ ఎడమ సీటు. జీతమూ రోస్టరూ మర్యాదా అన్నీ దానితో మారిపోతాయి.

ఇంకో సంస్థకు మారితే? పదిహేనేళ్ల అనుభవమున్న కెప్టెన్ అయినా సరే, సీనియారిటీ గట్టిగా పాటించే సంస్థలో చేరితే నిన్న చేరిన కుర్రవాడి వెనక నిలబడాలి. అంటే పైలట్ కూడబెట్టుకున్న ఆస్తి ఆ ఒక్క అంకె, అదీ ఒక్క కంపెనీలోనే చెల్లే చిల్లర. ఆ అంకె విలువ పెరగాలంటే రెండే దారులు: ముందున్నవాళ్లు రిటైరవ్వాలి, లేదా కంపెనీ కొత్త విమానాలు తెచ్చి కొత్త సీట్లు పుట్టించాలి. మొదటిది కాలం చేతిలో ఉంది, రెండోది యాజమాన్యం చేతిలో.

ఇక కొత్త విమానాలన్నీ పక్క వరుసకు పోతే ఏమవుతుందో చూద్దాం. దీనికి ఆస్ట్రేలియా కన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

2000 ఆగస్టులో వర్జిన్ బ్లూ అనే చవక సంస్థ ఆ దేశంలో ఎగరడం మొదలుపెట్టింది. ఏడాది తిరగ్గానే, 2001 సెప్టెంబరులో, దశాబ్దాల చరిత్ర ఉన్న ఆన్సెట్ కుప్పకూలింది. పదహారు వేలమంది ఒక్కసారిగా వీధిన పడ్డారు. మిగిలిన పెద్ద సంస్థ క్వాంటాస్. చవక పోటీని తన పాత ఖర్చులతో ఎదుర్కోలేనని లెక్కవేసుకుని, అప్పటికే కొని ఉంచిన ఇంపల్స్ అనే చిన్న సంస్థను పునాదిగా చేసుకుని 2004 మే 25న జెట్‌స్టార్‌ను దించింది. ఇంపల్స్ పైలట్లే దానికి తొలి పైలట్లు. వాళ్ల ఒప్పందం వేరు, వాళ్ల లిస్టు వేరు. అప్పటి అధిపతి జెఫ్ డిక్సన్ రెండు బ్రాండ్ల వ్యూహం అని దానికి పేరు పెట్టారు. సెలవుల ఊళ్లకు జెట్‌స్టార్, వ్యాపారపు దారులకు క్వాంటాస్. వినడానికి సబబుగానే ఉంది.

రెండేళ్లకే ఆ రెండింటి మధ్య గీత జరిగింది. 2006 నవంబరులో జెట్‌స్టార్ విదేశాలకు బయలుదేరింది. అందుకు వాడినవి క్వాంటాస్ దగ్గరున్న ఎయిర్‌బస్ ఎ330లు. తల్లి పెరట్లోని పాడిగేదెను పిల్ల పెరట్లో కట్టేసినట్టు. అయితే పైలట్లు ఆ గేదెతోపాటు వెళ్లలేదు, అక్కడ పాలు పితికేవాళ్లు వేరే ఉన్నారు.

అసలు దెబ్బ బోయింగ్ 787తో తగిలింది. 2005 డిసెంబరులో ఆ విమానాలు కొంటున్నట్టు ప్రకటించింది క్వాంటాస్. అవి ముందు చేరింది జెట్‌స్టార్‌కు, 2013 అక్టోబరులో. క్వాంటాస్ రంగుల్లో మొదటి 787 వచ్చేసరికి 2017 అక్టోబరు అయింది. మధ్యలో నాలుగేళ్లు. నాలుగేళ్లు ఒక కంపెనీకి చిన్న సంగతే కావచ్చు, కుడి సీటులో కూర్చుని నలభయ్యో పడిలోకి జారుకుంటున్న ఫస్ట్ ఆఫీసరుకు కాదు. ఆ కాలంలోనే క్వాంటాస్ ప్రధాన సంస్థలో పైలట్ల నియామకాలు ఆగిపోయాయి. 2009 తర్వాత మళ్లీ కొత్త పైలట్లను తీసుకుంటామని ప్రకటించింది 2016లోనే. ఏడేళ్లపాటు లిస్టు అడుగున కొత్త పేరు చేరలేదు. మా ఫ్యాక్టరీ పెద్దాయన ఈ సంగతి విని ఉంటే ఆస్ట్రేలియా కూడా తన గేటు లోపలే ఉందనుకునేవాడు.

వరుస అడుగున కొత్తవాళ్లు చేరకపోతే పైవాళ్లకు పోయేదేముందని అనిపించవచ్చు. చాలానే ఉంది. అందరికన్నా జూనియర్ ఎవరో వాడికే అర్ధరాత్రి స్టాండ్‌బైలు, పండగ డ్యూటీలు. కింద ఎవరూ చేరకపోతే ఆ బరువు ఎప్పటికీ అదే మనిషి మీద ఉంటుంది. పైగా సంస్థ కుంచించుకుపోయే రోజు వస్తే కోత అడుగునుంచే మొదలవుతుంది. అంటే పదేళ్ల సర్వీసున్న మనిషి కూడా గోడ అంచునే నిలబడి ఉంటాడు.

ఈ నేపథ్యంలో 2011 వచ్చింది. ఆగస్టులో క్వాంటాస్ కొత్త ప్రణాళిక ప్రకటించింది: జపాన్‌లో జెట్‌స్టార్, ఆసియాలో ఇంకో ఖరీదైన సంస్థ, స్వదేశంలో వెయ్యి ఉద్యోగాల కోత. జెట్‌స్టార్‌కు మొదటి అధిపతిగా ఉన్న అలన్ జాయిస్ 2008 నుంచి మొత్తం గ్రూపుకే అధిపతి. పైలట్ల సంఘం అడిగింది విచిత్రమైన కోరిక కాదు. క్వాంటాస్ నంబరుతో ఎగిరే ప్రతి విమానాన్నీ క్వాంటాస్ షరతుల మీద ఉన్న పైలట్లే నడపాలన్నారు. వాళ్ల ఆందోళన ఎంత మెతకగా ఉందంటే, యూనిఫాం టైకి బదులు ఎర్ర టైలు కట్టుకున్నారు, విమానంలో మైకు తీసుకుని తమ వాదన రెండు ముక్కల్లో ప్రయాణికులకు వినిపించారు. ఇంజినీర్లూ, సామాను మోసే సిబ్బందీ పని ఆపారు గానీ పైలట్లు ఒక్క విమానాన్నీ ఆపలేదు. ఎర్ర టై అంటే మన నల్ల బ్యాడ్జీకి అన్నలాంటిది, అంతే.

దానికి జవాబుగా 2011 అక్టోబరు 29 శనివారం నాడు జాయిస్ ప్రపంచమంతటా క్వాంటాస్ విమానాలన్నిటినీ ఒక్క దెబ్బతో నేలకు దించేశారు. సుమారు డెబ్బైవేలమంది ప్రయాణికులు ఎక్కడివాళ్లక్కడ ఉండిపోయారు. పైలట్లకూ ఇంజినీర్లకూ సామాను సిబ్బందికీ సోమవారం నుంచి లాకౌట్ అన్నారు. సమ్మె కార్మికుడి ఆయుధం అనుకుంటాం కదా, ఇక్కడ విమానాలాపింది యజమాని. జెట్‌స్టార్ విమానాలు మాత్రం ఆ రెండు రోజులూ యథాప్రకారం తిరిగాయి. ఈ ఒక్క వివరం చాలు. రెండో వరుస ఉన్న యజమాని మొదటి వరుసను గేటు బయట నిలబెట్టగలడు.

సోమవారం తెల్లవారుజామున ఫెయిర్ వర్క్ ఆస్ట్రేలియా అనే ట్రిబ్యునల్ రెండు పక్షాల ఆందోళననూ ముగించేసింది. తర్వాత మధ్యవర్తిత్వం నడిచింది. 2013 జనవరిలో తీర్పు. జీతంలో పెంపు ఇచ్చారు, ఎవరి షరతులతో ఎగరాలన్న కోరికను తోసిపుచ్చారు. ఏ విమానాన్ని ఏ సంస్థ చేత నడిపించాలన్నది వ్యాపార నిర్ణయమనీ, అది యాజమాన్యం హక్కు అనీ సారాంశం. నా వృత్తిలో ఇలాంటి తీర్పులు చాలా చదివాను. వాటిలో జీతం మీద ఉదారంగా ఉండే న్యాయమూర్తులు కూడా పని ఎవరిదన్న ప్రశ్న దగ్గరకు రాగానే చేతులు ముడుచుకుంటారు.

ఆ రోజుల్లోనే సెనేటర్ నిక్ జెనోఫోన్ ఒక బిల్లు పెట్టారు. క్వాంటాస్‌ను ప్రైవేటుకు అమ్మినప్పుడు 1992లో చేసిన చట్టం ప్రకారం ఆ సంస్థ ప్రధానంగా ఆస్ట్రేలియాలోనే ఉండాలి. అదే షరతు దాని పిల్ల సంస్థలకూ వర్తించాలన్నది బిల్లు సారం. అది చట్టం కాలేదు. కానీ జబ్బు ఎక్కడుందో ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. తల్లి సంస్థకు చట్టం గీసిన గీత పిల్ల సంస్థ గుమ్మం దగ్గర ఆగిపోతుంది.

ఇంతవరకూ పైలట్ల పక్షం చెప్పాను. మాస్టారు ఎదుటి వకీలు వాదన కూడా మనమే ముందు రాసుకోవాలనేవారు, కనుక అదీ చెబుతాను. జెట్‌స్టార్ లేకపోతే క్వాంటాస్ ఆ దారుల్ని వర్జిన్‌కు వదిలేసేది, వదిలేసిన దారిలో క్వాంటాస్ పైలట్‌కు సీటు ఎలాగూ ఉండదు. ఆన్సెట్ పైలట్లకు గొప్ప సీనియారిటీ లిస్టు ఉండేది, కంపెనీయే పోయింది. 2014 ఆర్థిక సంవత్సరంలో క్వాంటాస్ 280 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు పైగా నష్టం చూపించింది, ఐదువేల ఉద్యోగాల కోత ప్రకటించింది. అలాంటి ఏళ్లలో సెలవు యాత్రికులను పట్టి ఉంచింది జెట్‌స్టారేనని యాజమాన్యం చెబుతుంది. అందులో నిజం ఉంది. ఎంత నిజమో బయటివాళ్లు తేల్చలేరు, ఎందుకంటే తల్లీపిల్లల మధ్య ఏ ఖర్చు ఎవరి ఖాతాలో రాశారన్నది ఇంటి పద్దు.

పైగా చవకతనం పైలట్ జీతంలోంచి వస్తుందని అనుకోవడం సగం పొరపాటు. జెట్‌స్టార్ 787-8లో 335 సీట్లు పెట్టారు. క్వాంటాస్ 787-9 దానికన్నా పొడవైన విమానం, అందులో 236 సీట్లు. ఇద్దరు పైలట్ల జీతాన్ని 335 మంది మీద పంచినప్పుడు తలసరి ఎంత పడుతుందో, 236 మంది మీద పంచితే ఎంతో మీరే లెక్కవేసుకోండి. ఒకే జీతమిచ్చినా మొదటిది చవకే. విమానం నేలమీద తక్కువసేపు ఉండడం, ఉచిత భోజనం లేకపోవడం, సామానుకు వేరే రుసుము, ఇవన్నీ కలిస్తే పైలట్ వాటా చిన్న ముక్క. మరి ఆ చిన్న ముక్క కోసం ఇంత పట్టుదల ఎందుకు? నాకు తోచిన జవాబు: పొదుపు జీతంలో లేదు, బేరంలో ఉంది. రెండు వరుసలున్నప్పుడు ఏ వరుసతో మాట్లాడేటప్పుడైనా రెండోదాన్ని కిటికీలోంచి చూపించవచ్చు.

2020 మొదట్లో సిడ్నీ నుంచి లండన్‌కు ఆగకుండా ఎగిరే ఎ350లను తేవాలనుకున్నప్పుడు క్వాంటాస్ తన పైలట్లతో సరిగ్గా ఇదే మాటంది. కొత్త షరతులకు ఒప్పుకోకపోతే ఆ విమానాలకు వేరే పైలట్లను చేర్చుకుంటామంది. ఓటింగు పెడితే 85 శాతం మంది ఒప్పుకున్నారు. అక్కడ పిల్ల సంస్థను పుట్టించాల్సిన పని కూడా లేకపోయింది, దాని పేరెత్తితే సరిపోయింది.

జర్మనీ కథ వేరు. అక్కడ లుఫ్తాన్సా పైలట్లకు గ్రూపు మొత్తానికి వర్తించే ఒక ఒప్పందం ఉండేది. లుఫ్తాన్సా, సరుకుల విమానాల శాఖ, 2002లో మొదలైన చవక సంస్థ జర్మన్‌వింగ్స్, మూడింటి పైలట్లూ ఆ గొడుగు కిందికే వచ్చారు. అంటే జర్మన్‌వింగ్స్ టికెట్టు చవక, పైలట్ మాత్రం చవక కాదు. యాజమాన్యం ఆ గొడుగు బయట ఉన్న తన ఇంకో సంస్థ యూరోవింగ్స్‌ను పెంచడం మొదలుపెట్టింది. 2014 ఏప్రిల్ నుంచి 2016 నవంబరు దాకా పైలట్లు 14 సార్లు సమ్మె చేశారు. పైకి కారణం ముందస్తు పదవీ విరమణ పింఛను. 2015 సెప్టెంబరులో హెస్సె రాష్ట్ర కార్మిక న్యాయస్థానం ఒక సమ్మెను ఆపేస్తూ, ఇది నిజంగా పింఛను కోసం కాదు, చవక సంస్థ పథకాన్ని అడ్డుకోవడానికి అంది. కోర్టు వాళ్ల మనసు చదివింది, చదివినందుకే సమ్మె చెల్లదంది. యజమాని కొత్త కంపెనీ పెట్టడం మీద సమ్మె చేయకూడదు, పింఛను మీద చేయవచ్చు. లోపలి బాధకు చట్టంలో కాలమ్ లేనప్పుడు మనిషి ఉన్న కాలమ్‌లో రాస్తాడు. లేబర్ కోర్టులో దరఖాస్తులు రాసిన ప్రతివాడికీ ఇది అనుభవమే.

చివరికి 2017లో ఒక ఒప్పందం కుదిరింది. కనీసం 325 విమానాలు గొడుగు కింది పైలట్ల చేతే నడిపిస్తామని లుఫ్తాన్సా మాట ఇచ్చింది. జీతానికి బదులు విమానాల లెక్క రాయించుకున్నారు చూడండి, ముఖ్యమైనది అదీ. కరోనా వచ్చి ఆకాశం ఖాళీ అయ్యాక యాజమాన్యం ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకుంది.

జర్మనీలో ఇంకో సంగతి ఉంది, మనింటి భాషలో చెబుతాను. కొత్త కోడలు కొన్నాళ్లకు పాత కోడలవుతుంది. చవక సంస్థ పైలట్‌కూ వయసొస్తుంది, సర్వీసు పెరుగుతుంది, సంఘం పెట్టుకుంటాడు, పిల్లల ఫీజులు కట్టాలి. చవక పైలట్ కొన్నేళ్లకు చవక కాకుండా పోతాడు. అప్పుడు ఇంకో కోడలు కావాలి. జర్మన్‌వింగ్స్ 2020లో మూతపడింది. యూరోవింగ్స్ మిగిలింది. 2021లో యూరోవింగ్స్ డిస్కవర్ ఎగిరింది, 2024లో సిటీ ఎయిర్‌లైన్స్. జెట్‌స్టార్ పైలట్లు కూడా 2019 డిసెంబరులో తమ జీతాల కోసం తామే సమ్మెకు దిగారు. పదిహేనేళ్ల కిందట క్వాంటాస్ పైలట్లకు భయం పుట్టించిన ఆ మనుషులే.

ఫ్రాన్సులో మూడో దారి తొక్కారు. ఎయిర్ ఫ్రాన్స్ 2007లో ట్రాన్సావియా ఫ్రాన్స్‌ను మొదలుపెట్టినప్పుడే పైలట్ల సంఘం పద్నాలుగు విమానాల హద్దు రాయించుకుంది. 2014లో కంపెనీ ఆ హద్దు దాటి, ఇతర దేశాల్లో స్థావరాలు పెట్టి, అక్కడి షరతులతో పైలట్లను తీసుకుంటానంది. సెప్టెంబరు 15న మొదలైన సమ్మె 14 రోజులు సాగింది. విదేశీ స్థావరాల ఆలోచనను కంపెనీ విరమించుకుంది. పైలట్లు గెలిచారని రాయడానికి పత్రికలు తొందరపడ్డాయి గానీ, ఆ డిసెంబరులోనే సంఘం నలభై విమానాల వరకూ ఒప్పుకుంది, 2019లో ఆ హద్దునూ ఎత్తేసింది. మరి ఎందుకు ఒప్పుకుంది? ఎయిర్ ఫ్రాన్స్ పైలట్లు తమ సీనియారిటీ పోకుండా ట్రాన్సావియాకు వెళ్లే ఏర్పాటు కుదిరింది కనుక. తల్లి దగ్గర కమాండ్ కోసం ఏళ్లు కాచుకోవాల్సిన కుర్రవాడికి పిల్ల దగ్గర ముందే ఎడమ సీటు దొరికే వీలు వచ్చింది. రెండు వరుసలకూ ఒకటే తాడు కట్టారు. అదే పిల్ల సంస్థ, అదే చవక టికెట్టు, పైలట్ కళ్లకు శత్రువు కాస్తా మెట్టయింది.

2017 డిసెంబరులో అదే ఎయిర్ ఫ్రాన్స్ జూన్ అనే ఇంకో సంస్థ పెట్టింది. పైలట్లను ముట్టుకోలేదు, వాళ్లందరూ ఎయిర్ ఫ్రాన్స్ మనుషులే. క్యాబిన్ సిబ్బందిని మాత్రం తక్కువ జీతాల మీద కొత్తగా తీసుకుంది. పైలట్ల సంఘానికి బలముంది, క్యాబిన్ సిబ్బందికి అంత లేదు. నీరు పల్లానికే పోతుంది. పద్దెనిమిది నెలలకు జూన్‌ను మాతృసంస్థలో కలిపేశారు.

ఈ ఆటకు పుట్టిల్లు అమెరికా. 1978లో అక్కడ విమానరంగం మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు. రెండేళ్లకే టెక్సస్ ఇంటర్నేషనల్ అధిపతి ఫ్రాంక్ లొరెంజో యూనియన్ లేని పైలట్లతో న్యూయార్క్ ఎయిర్ అనే పిల్ల సంస్థను లేపారు. 1931 నుంచి ఉన్న పైలట్ల సంఘం ఉలిక్కిపడింది. ఆ తర్వాత అమెరికన్ ఒప్పందాల్లో స్కోప్ క్లాజు అనే మాట బలపడింది. స్కోప్ అంటే పరిధి: ఈ కంపెనీ ఎగరేసే విమానాలన్నీ ఈ లిస్టులోని పైలట్లవే అన్న వాక్యం. అక్కడి పైలట్లు జీతాల అధ్యాయం కన్నా ముందు ఆ పేజీ తెరుస్తారట. అందుకే యునైటెడ్ షటిల్, డెల్టా ఎక్స్‌ప్రెస్, సాంగ్, టెడ్ అంటూ అక్కడ వచ్చిన చవక బ్రాండ్లలో ఎక్కువ వాటిని నడిపింది తల్లి సంస్థ పైలట్లే. ఒక్కటీ మిగల్లేదు. అయితే స్కోప్ గోడకు ఒక కన్నం వదిలారు, చిన్న విమానాలకు మినహాయింపు. కంపెనీలు ఆ కన్నంలోంచే వందల ప్రాంతీయ జెట్ విమానాలను బయటి సంస్థలకు దాటించాయి. సీట్లు 50కి మించరాదు, తర్వాత 76కి మించరాదు అంటూ ఇప్పటికీ ఆ కన్నం వెడల్పు మీదే బేరాలు నడుస్తున్నాయి.

మన దగ్గరి సంగతి చెప్పకపోతే మాస్టారి ఊరివాళ్లు ఒప్పుకోరు. ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ 2005 ఏప్రిల్ 29న కేరళ నుంచి గల్ఫ్‌కు మొదలైంది. జగిత్యాల, నిజామాబాద్ పల్లెలనుంచి, కోనసీమ, కడప నుంచి గల్ఫ్‌కు వెళ్లే మనవాళ్లకు చవక టికెట్టంటే సౌఖ్యం మాట కాదు, అప్పు ఎంత తగ్గుతుందన్న మాట. 2022 అక్టోబరులో గన్నవరం నుంచి షార్జాకు ఆ విమానం వచ్చినప్పుడు శంషాబాద్ దాకా రాత్రి బస్సు ప్రయాణం తప్పిందని సంతోషించినవాళ్లు ఎందరో. పైలట్ల పక్షం మాట్లాడేటప్పుడు వీళ్లను మరిచిపోతే నా ఉపన్యాసం ఒంటికన్నుది.

అయినా ఎయిరిండియాలో పైలట్ల పెద్ద గొడవ ఎక్స్‌ప్రెస్ మీద రాలేదు. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి. కంపెనీలు కలిశాయి గానీ వరుసలు కలవలేదు. కొత్తగా రాబోయే 787ల మీద శిక్షణ ఎవరికి అన్న ప్రశ్న వచ్చింది. పాత ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లకూ వాటా ఇస్తామనగానే పాత ఎయిరిండియా పైలట్లు 2012 మేలో పని ఆపేశారు. 58 రోజులు. వందమందికి పైగా ఉద్యోగాలు పోయాయి, సంఘం గుర్తింపు పోయింది. ఆస్ట్రేలియాలో ఏ విమానం పక్క వరుసకు పోయిందని పైలట్లు బాధపడ్డారో, అదే విమానం మీద ఇక్కడ సమ్మె. బోయింగ్ వాళ్లు ఏం తయారు చేశారని అనుకున్నారో గానీ, పైలట్లకు అది విమానం కాదు, పదిహేనేళ్ల భవిష్యత్తు. ఆ ఇద్దరూ ఒకే ప్రభుత్వ సంస్థవాళ్లు, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌వాళ్లలో చాలామంది మన హైదరాబాద్‌లోని శిక్షణ కేంద్రంలోనే సిమ్యులేటర్ ఎక్కి దిగినవాళ్లు. పక్కవాడి నైపుణ్యం మీద అనుమానంతో వచ్చిన తగువు కాదది.

ఇప్పుడు ఎయిరిండియా టాటాల చేతికి వచ్చింది. 2024 అక్టోబరులో పాత ఎయిర్ ఏషియా ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది, నవంబరులో విస్తారా ఎయిరిండియాలో కలిసింది. నాలుగు సంస్థలు రెండయ్యాయి: ఒకటి ఖరీదైనది, ఒకటి చవకది. సరిగ్గా క్వాంటాస్, జెట్‌స్టార్ బొమ్మే. కానీ మన దేశంలో తేడా ఏమిటంటే ఇక్కడ ఆకాశం సగానికి పైగా ఇండిగోది, అది ఎవరి పిల్లా కాదు. చవక సంస్థే ఇక్కడ ఇంటి పెద్ద. విమానాలు వందల్లో వస్తున్నాయి, పైలట్లు చాలడం లేదు. పైలట్ పారిపోతాడన్న భయం కంపెనీలకే ఉంది. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ కెప్టెన్లకు ఏడాది నోటీసు, కో-పైలట్లకు ఆరు నెలల నోటీసు తప్పనిసరి చేసిందంటే ఆ భయం వల్లే. కనుక ఇప్పటికి మా మేనల్లుడి తరానికి పక్క వరుస అంటే బెదురు లేదు, పక్క వరుసలో కమాండ్ ముందొస్తే అటే దూకుతారు. విమానాల రాక నెమ్మదించే రోజున ఎయిరిండియాకు వచ్చే కొత్త చిన్న విమానం ఏ లిస్టుకు వెళ్తుందన్న ప్రశ్న ఇక్కడా లేస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు ఇవాళే ఒప్పందంలో రాయించుకోమని నా దగ్గరకు వచ్చిన ఒకరిద్దరు పైలట్లకు చెప్పాను. అలవెన్సుల పేజీ తిప్పి, "అదెందుకండీ ఇప్పుడు" అన్నారు.

చివరగా, పిల్ల సంస్థలో చేరినవాడి సంగతి. వాడిని మనం ఇంతసేపూ తల్లి సంస్థ పైలట్ కళ్లతోనే చూశాం. జెట్‌స్టార్ పేరుతో సింగపూర్‌లో జెట్‌స్టార్ ఏషియా అని ఒకటుండేది, 2004 డిసెంబరు నుంచి. 2025 జూన్‌లో దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు, జూలై 31న చివరి విమానం దిగింది. దానికున్నవి పదమూడు ఎ320 విమానాలు, ఐదువందలమందికి పైగా ఉద్యోగులు. ఆ పదమూడు విమానాలనూ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దారుల కోసం వెనక్కి పిలిపించారు. ఇరవై ఏళ్లు నడిచిన ఆ సంస్థలో సీనియారిటీ లిస్టు ఒకటి ఉంది కదా, దాన్ని పిలవలేదు. సింగపూర్ నుంచి దక్షిణంగా ఆ విమానాలు ఎగురుతున్నప్పుడు వాటి తోకల మీద నక్షత్రం అదే, కాక్‌పిట్‌లో మీటలూ అవే. ఆ సింగపూర్ కెప్టెన్ల నియామకపత్రాల మీద ఉన్న పేరు మాత్రం వేరు.